గృహిణీ సల్లాపము: పచ్చిమామిడి పరిమళము



ఎండలు ముదిరినవి. తోపులలో మామిడిపిందెలు కాయలగుచున్నవి. ఉగాది పచ్చడిలోని ముక్కల పులుపు నాలుకపై నుండగనే ఆవకాయకు కాయలు బేరమాడు దినములు వచ్చినవి. ఇట్టి సమయమున నాకందిన జాబులలో మూడు ఒకే విషయమును గూర్చి యుండుటచేత ఈ నెల సల్లాపమునకు దానినే గైకొంటిని. అది వేసవి పగటివేళ పూసికొనదగిన పండ్లవాసన గల సెంటును గూర్చినది.

మొదటి సోదరి విశాఖపట్టణము నుండి వ్రాసిరి. విదేశమున నున్న మేనకోడలు వచ్చుచు పచ్చిమామిడి వాసన గల సీసా నొకదానిని తెచ్చియిచ్చినదట. "ఇందులో నిజముగా మామిడికాయ యున్నదా? లేనిచో ఈ వాసన యెక్కడిది?" అని వారి ప్రశ్న. రెండవ సోదరి గుంటూరువారు. "మిట్టమధ్యాహ్నము బస్సులో పోవుదానను. ఎట్టి సెంటు తగును? ఎండలో చర్మమునకు కీడు కలుగదా?" అని యడిగిరి. మూడవ జాబు మిక్కిలి చిన్నది. "నా భర్త పోయి నాలుగేండ్లయినది. నా తమ్ముడు ఇట్టి సెంటు నొకదానిని పంపినాడు. ఒకనాడు కొంచెము పూసికొని పనికి బయలుదేరగా మా అత్తగారు 'ఎవరికొరకు?' అని యడిగిరి. నేను బదులు చెప్పక సీసాను బీరువాలో పెట్టివేసితిని. దానిని నేను వాడవచ్చునా?" ఇంతియే.

మూటికిని వరుసగా సమాధానము వ్రాసెదను. మూడవదానిని గూర్చియే యెక్కువ చెప్పవలసి యున్నది. అయినను ముందు వస్తువును తెలిసికొని పిమ్మట దాని యోగ్యతను విచారించుట మేలు.

మామిడి లేని మామిడివాసన

మన దేశమున పరిమళములు పూలనుండియు, కొయ్యలనుండియు, వేళ్లనుండియు, బంకలనుండియు పుట్టినవి. మల్లె, మొగలి, సంపెంగ, చందనము, అగరు, వట్టివేరు, సాంబ్రాణి, కర్పూరము అని లెక్కించుకొనుచు పోయినచో ఆ వరుసలో పండ్లకు చోటు మిక్కిలి తక్కువ. పండు నోటికి, పువ్వు తలకు అని మనవారు పంచిపెట్టిరి. అంతమాత్రమున పరిమళమును కూర్చు విద్య మనకు కొత్తది కాదు. అరువదినాలుగు కళలలో గంధయుక్తి యొకటియని కామసూత్రము లెక్కించినది. ఆరవ శతాబ్దమునకు చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో దాని కొరకై యొక యధ్యాయమునే వ్రాసి, పదునాఱు ద్రవ్యములనుండి నాలుగేసి చొప్పున నేరుకొన్నచో 1820 విధములగు కూర్పులు కలుగునని లెక్క చెప్పెను. మన తెలుగునేలను కొండవీటి కుమారగిరిరెడ్డి వసంతోత్సవములు జరిపి కర్పూర వసంతరాయ బిరుదము వహించెను. ఆ యుత్సవములకు పరిమళద్రవ్యములను సమకూర్చిన వర్తకుడు అవచి తిప్పయసెట్టి. శ్రీనాథుని హరవిలాసమునకు కృతిపతి యాతడే. ఎండకాలము ప్రవేశించునపుడు పరిమళము చల్లుకొనుట మనకు పరాయి వేడుక కాదని చూపుటకే ఇంతవరకు వ్రాసితిని.

పూలలోనే పండ్లవాసన గల దొకటి కలదు. దానిని మనోరంజితమందురు. తీగవలె ప్రాకుచు, కొక్కెములవంటి కాడలతో కొమ్మలను పట్టుకొనియుండు మొక్క యది. పువ్వు ఆకుపచ్చగా నున్నంతకాలము ఆకులలో కలిసిపోయి కనబడదు. పసుపు రంగు తిరుగగనే ముగ్గిన పండ్లగంప తెచ్చి పెట్టినట్లు ఇల్లంతయు గుబాళించును. ఏ పండును తలచుకొన్న ఆ పండు వాసన వచ్చునని పిల్లలు నమ్ముదురు. ఒకే పూవునందు అనాసయు అరటియు కలిసి తోచుటచేత ఆ నమ్మకము పుట్టియుండును. దానిని ఒక్కసారి మూచూచిన సోదరికి పండ్లవాసన సెంటనగా ఏమో వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక సీసాలోని సంగతి. నిమ్మ, నారింజ జాతిపండ్ల తొక్కలలో నూనె యుండును. తొక్కను నలిపినంతనే అది చిమ్ముట మనమెఱుగుదుము. దానిని పిండి తీయవచ్చును. మామిడి, అరటి, అనాస, జామ మున్నగు పండ్ల సంగతి యట్టిది కాదు. వాని గుజ్జులో చాల భాగము నీరే. వాసననిచ్చు పదార్థము లేశమాత్రము. మరగబెట్టినచో పచ్చిపండు వాసన పోయి వండిన వాసన వచ్చును. మామిడితాండ్ర వాసనకును చెట్టున ముగ్గిన పండు వాసనకును గల భేదము మనకు తెలియనిదా? కావున ఈ పండ్ల వాసనను రసాయనశాస్త్రజ్ఞుడు వేరుమార్గమున తెచ్చుచున్నాడు.

ఆమ్లమును మద్యసారమును కలిపినచో ఎస్టరు అను పదార్థ మేర్పడును. పండ్లవాసనలు పెక్కు ఈ జాతివే. ఐసోఅమైల్ అసిటేట్ అనునది అరటిపండు వాసన నిచ్చును. ఇథైల్ బ్యూటిరేట్ అనాసపండును తలపించును. ఇందొక వింత కలదు. బ్యూటిరిక్ ఆమ్లము విడిగా నున్నపుడు పాడైన వెన్న కంపు కొట్టును. మద్యసారముతో చేరగనే అదియే అనాసపండగును. 1851లో లండను నగరమున జరిగిన మహాప్రదర్శనమునందే ఇట్టి కృత్రిమ ఫలసారములను జనులకు చూపిరి. గామా నోనాలాక్టోన్ కొబ్బరి వాసన నిచ్చును. గామా అన్‌డెకాలాక్టోన్ పీచుపండు వాసన నిచ్చును. దీనిని 1919లో పారిస్‌నందలి గెర్లెన్ సంస్థవారు మిత్సుకో అను సెంటులో వాడి పేరుపొందిరి. అనగా పండ్లవాసన సెంట్లు నిన్న మొన్నటివి కావు, వానికి నూరేండ్ల చరిత్ర కలదు.

మామిడి వాసన వీనికంటె చిక్కైనది. అందు వందలకొలది పదార్థములు కలిసియుండును. కారీన్, మిర్సీన్ అనునవి వానిలో ముఖ్యములు. కారీన్ సరళవృక్షపు బంకనుండి తీయు టర్పెంటైను తైలమునందును ఉండును. కాయను తొడిమకడ త్రుంచినపుడు చిమ్ము సొన వాసనను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. అందు సగము పండు, సగము చెట్టు. మన బంగినపల్లికి ఒక వాసన, నూజివీటి చిన్నరసమునకు ఒక వాసన, సువర్ణరేఖకు మరియొకటి, కొత్తపల్లి కొబ్బరికి వేరొకటి. కన్నులు మూసికొనియు వీనిని గుర్తింపగల ముసలమ్మలు మన యిండ్లలో నున్నారు. అట్టివారికి కృత్రిమపు మామిడివాసనను నమ్మించుట సులభము కాదు.

పచ్చిమామిడిని సెంటుగా మలచినవారిలో జగమెఱిగినవాడు జాన్ క్లాడ్ ఎలెనా. ఈయన ఫ్రాన్సు దక్షిణభాగమున పూలతోటలకును అత్తరులకును ప్రసిద్ధమైన గ్రాస్ పట్టణమున 1947లో జన్మించెను. పారిస్‌నందలి హెర్మెస్ సంస్థకు పరిమళశిల్పిగా నుండి, ఈజిప్టు దేశమున నైలునది ఒడ్డునగల అస్వాను ప్రాంతమునకు పోయి, అచటి తోటలలో తిరుగుచు, చెట్ల కొమ్మల వ్రేలాడు పచ్చిమామిడికాయల వాసనకు ముగ్ధుడయ్యెను. 2005లో వెలువడిన ఆ సెంటు పేరునకు నైలునదిపై నొక తోటయని యర్థము. అందు పచ్చిమామిడి, తామర, సాంబ్రాణి, వస, సికమోరు కొయ్య తోచునని ఆ సంస్థ చెప్పుచున్నది. ఈజిప్టున సికమోరనునది మన మేడి జాతి చెట్టే. చూచితిరా! మామిడి పుట్టినది మన దేశపు తూర్పుదిక్కున, బర్మా సరిహద్దుల పరిసరమున. తామర మన కొలనులలోనిది. వస మన చంటిపిల్లల నాలుకకు రాచునది. ఇవన్నియు పారిస్ పోయి, సీసాలో నెక్కి, మేనకోడలి పెట్టెలో మరల విశాఖపట్టణము చేరినవి.

ఆ సీసాలో మామిడిరసము లేదు. చిత్రకారుడు రంగులతో పండును వ్రాసినట్లు, పరిమళశిల్పి వేర్వేరు ద్రవ్యములతో పచ్చిమామిడి భ్రమను కల్పించును. ఇది మోసమనుకొనవలదు. గోడమీద వ్రాసిన మామిడిపండును తినలేమని యెవరును చిత్రకారుని నిందింపరు గదా! ఐతే "పండ్లనుండి తీసినది" యని చెప్పి యెక్కువ వెల యడుగు వర్తకుని మాట మాత్రము నమ్మకుడు. విశాఖ సోదరికి ఇది నా సమాధానము.

ఎండలో ఎట్టిది, ఎంత

పరిమళము గాలిలోనికి ఆవిరియై వచ్చిననే ముక్కునకు తెలియును. వేడి హెచ్చినకొలది ఆవిరి యగుట హెచ్చును. కావున చలిరాత్రి పెండ్లిపందిటిలో సొంపుగా నుండు కస్తూరి, అగరు, వనిలా మున్నగు బరువైన వాసనలు మే నెల మధ్యాహ్నమున ఊపిరి సలుపనీయవు. నిమ్మ, నారింజ, పచ్చిమామిడి వంటి తేలిక వాసనలు త్వరగా లేచి త్వరగా పోవును. అవి పోవుట లోపము కాదు. వేసవి పగటికి కావలసినది ఆ గుణమే. ముగ్గినపండు తీపి, కొబ్బరిపాల చిక్కదనము గల సెంట్లు సాయంకాలమునకు మేలు. చెమట పట్టినపుడు ఆ తీపి వెగటగును. కొనునపుడు సీసామూత మూచూచి నిర్ణయింపవలదు. ముంజేతిపై నొకసారి చల్లించుకొని, అంగడి నుండి బయటికి వచ్చి, అరగంట యెండలో తిరిగి, అప్పుడు మూచూడుడు. మొదట పలుకరించు వాసన వేరు, పిమ్మట నిలిచి కాపురము చేయు వాసన వేరు.

సీసాపై నుండు మాటల యర్థము తెలిసికొనుట ధనమునకును మేలు. పర్ఫ్యూమ్ అని మాత్రమే యున్నచో పరిమళసారము నూటికి సుమారు ఇరువది పాళ్లు, లేక అంతకు మించియు నుండును. ఓ ద పర్ఫ్యూమ్ అన్నచో సుమారు పదునైదు మొదలు ఇరువది, ఓ ద టాయిలెట్ అన్నచో ఐదు మొదలు పదునైదు, ఓ ద కొలోన్ అన్నచో రెండు మొదలు నాలుగు పాళ్లు. తక్కినదానిలో చాల భాగము మద్యసారము. మన యెండకు పగటివేళ చివరి రెండును చాలును. అవి వెలకును తక్కువ.

మద్యసారము మంటను వెంటనే అందుకొనును. కావున పొయ్యి యొద్దను, దీపారాధన యొద్దను సెంటు చల్లుకొనరాదు. పూసికొన్న వెంటనే అగ్గిపుల్ల గీయరాదు. ఈ యొక్కమాటను ఇంటిలోని ఆడుపిల్లలకు మరువక చెప్పుడు.

ఇక చర్మము సంగతి. నిమ్మ, బెర్గమాటు మున్నగు పండ్ల తొక్కల నూనెలలో బెర్గాప్టెన్ వంటి పదార్థము లుండును. అవి చర్మముపై నుండగా ఎండ తగిలినచో చర్మము కంది, బొబ్బలెక్కి, పిమ్మట నల్లమచ్చలు నెలల తరబడి నిలువవచ్చును. మెడపై కారినచోట పతకమువలె మచ్చ పడుటచేత వైద్యులు దానికి పతకమను నర్థము గల ఫ్రెంచిమాటతో పేరుపెట్టిరి. నేడు మంచి సంస్థలవారు ఆ పదార్థమును తీసివేసిన నూనెలను వాడుచున్నారు. అయినను ఇంటిలో నిమ్మతొక్కను మెడకును ముఖమునకును రుద్దుకొని యెండలోనికి పోవుట మానుడు. సెంటును ఎండ తగులు మెడపై గాక, దుస్తుల లోపలి భాగమునందో, మోచేతి మడతయందో, చేతిరుమాలుపైననో చల్లుకొనుడు. మొదటిసారి వాడునపుడు ముంజేయి లోపలివైపున నొక చుక్క వేసి రెండు దినములు చూచి, దురదయు ఎఱ్ఱదనమును లేనిచో వాడుడు.

చీర సంగతియు చెప్పవలెను. పట్టుచీరపై నేరుగా చల్లినచో మరకలు పడును. నూలుచీరకు భయము తక్కువ. ముత్యాలసరము గల సోదరీమణులు ముందు సెంటు పూసికొని, అది ఆరిన పిమ్మట ముత్యములు ధరింపవలెను. సెంటు సోకినచో ముత్యపు మెఱుగు మాయును. సీసాను కిటికీయందును, ఎండలో నిలిపిన కారులోను ఉంచకుడు. వెలుతురును వేడియును పరిమళమునకు శత్రువులు. చీకటిగా నుండు అలమర దానికి తగిన చోటు.

తేనెపట్టులుండు తోటలకు పోవునపుడు అరటిపండు వాసన సెంటు వలదు. తేనెటీగ కుట్టునపుడు తోడి యీగలను యుద్ధమునకు పిలుచుటకై విడుచు వాసనలో ముఖ్యమైనది ఆ ఐసోఅమైల్ అసిటేటే. మనము సువాసన యనుకొన్నది వానికి రణభేరి యగును.

పరిమళము మన దేహముపై నున్నను గాలి పదిమందిది. మావారు ఉపాధ్యాయులు. వేసవి దినములలో వారు తలనొప్పితో ఇల్లు చేరినచో తొమ్మిదవ తరగతి బాలురు ఆటల గంట పిమ్మట బాడీ స్ప్రే చల్లుకొనిరని నేను తెలిసికొందును. నలుబదిమంది నలుబది వాసనలతో మూసిన గదిలో కూర్చుండగా పాఠము చెప్పుట యెట్లు? బస్సు, ఆసుపత్రి, పురిటిగది, తరగతిగది అనునవి సెంటునకు తగిన తావులు కావు. తగులకున్న చాలదు, తగ్గింపవలెను. చేయి చాచినంత దూరమున నున్నవారికి తెలియరాదు. ప్రక్కన కూర్చున్నవారికి లీలగా తెలియవచ్చును. ఒకటి రెండు చిలుకరింపులకు మించినచో అలంకారము పోయి ఆర్భాటమగును. మన ముక్కు కొంతసేపటికి ఆ వాసనకు అలవాటుపడి, సెంటు పోయినదనుకొని మరల చల్లుకొనుమనును. దాని మాట వినకుడు.

వెల పెట్టజాలని సోదరీమణులు చిన్నబోవలదు. వట్టివేళ్లను మూటకట్టి చీరల నడుమ నుంచినచో వేసవియంతయు చల్లని వాసన వచ్చును. మనోరంజితపు పువ్వొకటి రుమాలులో చుట్టి దాచుకొన్నచో ఏ దేశపు పండ్లసెంటును దానికి సాటిరాదు. గుంటూరు సోదరి కిది సమాధానము.

ఎవరికొరకు?

ఇక మూడవ జాబు. ఆ సోదరి యడిగినది సెంటును గూర్చి కాదు. భర్త పోయిన స్త్రీకి సుఖమున కధికారము కలదా యని యడిగినది.

నేను చిన్ననాట మా తండ్రిగారియొద్ద పాత గ్రంథములు చదువుకొన్నదానను. కావున శాస్త్రము పేరు చెప్పువారికి శాస్త్రముతోనే సమాధానము చెప్పెదను. మనుస్మృతి ఐదవ యధ్యాయము భర్త పోయిన స్త్రీని పూలు, దుంపలు, పండ్లు తిని దేహమును కృశింపజేయుమన్నది. నేడు ఏ అత్తగారును కోడలిని అట్లు పస్తుపెట్టుట లేదు. పెట్టినచో ఇరుగుపొరుగు ఊరకుండరు. ఆ స్మృతియే రెండవ యధ్యాయమున గంధమును, పూలమాలను, తేనెను విడువుమని మరియొకరికి చెప్పినది. ఎవరికో యెఱుగుదురా? గురుకులమున చదువుకొను బ్రహ్మచారికి. ఆ బ్రహ్మచారి నేడు మావారి తొమ్మిదవ తరగతిలో బాడీ స్ప్రే చల్లుకొని కూర్చున్నాడు. వానిని ఎవరికొరకని యే పెద్దలును అడుగరు. కుఱ్ఱవాని ముచ్చట యందురు. ఒకే గ్రంథము ఇరువురకును కట్టడి చేయగా, ఒకనికి కాలము మారినదని విడిచి, ఒక్క స్త్రీకి మాత్రము దానిని మిగిల్చినచో అది శాస్త్రము కాదు, మన యలవాటు మాత్రమే. అలవాటును మార్చుకొనవచ్చును.

మార్చినవారు మన యింటివారే. విధవావివాహమునకు 1856లోనే చట్టము వచ్చినను తెలుగునాట దానిని ఆచరణలో పెట్టినవారు కందుకూరి వీరేశలింగము పంతులుగారు. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున తమ పూనికతో మొదటి వివాహము జరిపించిరి. బంధువులును పనివారును దూరమైనపుడు ఆయన ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారు తామే నీళ్లు మోసి వంటచేసి తోడునిలిచిరి. మన కాలమున 2022 మే నెలలో మహారాష్ట్రమున కొల్హాపురము జిల్లా హేర్వాడ గ్రామపంచాయతివారు భర్త పోయిన స్త్రీ గాజులు పగులగొట్టుట, కుంకుమ తుడుచుట మున్నగు నాచారములు తమ యూరిలో నుండరాదని తీర్మానించిరి. ఒక పల్లె అంత పని చేయగా, ఒక యింటిలో రెండు చుక్కల పచ్చిమామిడి వాసనకు చోటు లేకపోవుట న్యాయమా?

"ఎవరికొరకు?" అను ప్రశ్నలో నొక లోపము కలదు. స్త్రీ యలంకారమునకు చూచువాడొకడుండి తీరవలెనని ఆ ప్రశ్న ముందే నిర్ణయించుకొన్నది. తెల్లవాఱి స్నానము చేయుట యెవరికొరకు? ఉతికిన చీర కట్టుట యెవరికొరకు? పెరటిలోని కరివేపరెమ్మను నలిపి మూచూచి తృప్తి పడుట యెవరికొరకు? కన్నులు చూచినట్లు, చెవులు విన్నట్లు, ముక్కును తన పని తాను చేయును. భర్త పోయినపుడు దానికి సెలవీయబడలేదు. పచ్చిమామిడి వాసనలో శృంగారమెంత యున్నదో నాకు కనబడదు. అందు బడి విడిచిన పిల్లల ఉప్పుకారపు ముక్కలున్నవి, ఆవకాయ రోజులున్నవి, తమ్ముడు చెట్టెక్కి రాల్చిన కాయలున్నవి. ఆ తమ్ముడే సీసా పంపినాడు. అక్క ముఖమున మరల కొంత తేట చూడగోరి పంపినాడు. అతని ప్రేమను బీరువాలో బంధించుట తగదు.

కావున, అమ్మా, నీవు వాడవచ్చును. వాడవలెనని కూడ నేనందును. నీ సంపాదనతో ఇల్లు గడుపుచు, ఎండలో పనికి పోవుచున్న నీకు పగటివేళ కొంత చల్లని వాసన కావలెననుట అపరాధము కాదు.

అత్తగారిని మాత్రము శత్రువుగా నెంచకుము. నీవు భర్తను గోల్పోయితివి, ఆమె కుమారుని గోల్పోయినది. ఆమె యడిగిన మాటలో కోపముకంటె భయము హెచ్చు. నలుగురు నవ్వుదురని భయము, కోడలును దూరమగునేమో యని భయము. ఆ భయమునకు బదులు వాదము కాదు. ఒక సాయంకాలము సీసాను తీసికొని పోయి ఆమె చెంగున నొక చుక్క వేసి, "ఇది యే కాయ వాసనో చెప్పుడు, అత్తగారూ" అని యడుగుము. మామిడి వాసన తెలియని తెలుగు ముసలమ్మ లేదు. ఆమె తన పుట్టింటి తోటను తలచుకొన్నను కొనవచ్చును. అప్పుడు ఎవరికొరకను ప్రశ్నకు ఆమెయే బదులు కనుగొనును. ఒకవేళ ఆమె మనసు కరుగకున్నను నీవు వెనుదీయకుము. మర్యాద తప్పక, మాట పెంచక, మరునాడును రెండు చుక్కలు చల్లుకొని పనికి పొమ్ము. పది దినములు జరిగినచో పదునొకండవనాడు ఎవరును అడుగరు. ఇండ్లలో మార్పులు పెక్కు ఇట్లే వచ్చినవి.

తక్కిన సోదరీమణులకును ఒక మాట. మన యింటనో పొరుగింటనో ఇట్టి స్త్రీ యుండకపోదు. పేరంటమున పన్నీరు చల్లునపుడు చేయి ఆమెవరకు పోయి వెనుకకు మరలుట మనము చూచియే యున్నాము. ఈ వేసవిలో ఆ చేతిని మరలనీయకుడు. చట్టమునకును తీర్మానమునకును వేచియుండనక్కరలేదు. పన్నీరుబుడ్డి మన చేతిలోనే యున్నది.

వచ్చు నెల ఊరగాయజాడీలను గూర్చియు, వానకాలమున ఉప్పు చెమ్మగిల్లకుండ కాపాడు పద్ధతులను గూర్చియు ముచ్చటింతము. ఇంటింట పరీక్షించి చూచిన యుపాయములను సోదరీమణులు ఇరువదవ తేదీలోపల వ్రాసి పంపగోరెదను.

మీ సోదరి